శాస్త్రతపస్వి ఇవాన్ పావ్లోవ్

చింతకాయ పేరు చెప్పినంతనే నోరూరుట మనయందఱకు అనుభవములోనిదే. కాయ నాలుకకు తగులలేదు, కంటికైనను కనబడలేదు. అయినను నోట నీరూరును. ఈ చిన్న వింతను పిల్లలు నవ్వి విడిచిపెట్టుదురు, పెద్దలు గమనింపనే గమనింపరు. రష్యాదేశమందలి యొక శాస్త్రజ్ఞుడు మాత్రము దీనిని పట్టుకొని, సుమారు 35 సంవత్సరములు దానికే ధారపోసి, మెదడు పనిచేయు తీరును తెలిసికొనుటకొక క్రొత్త త్రోవ తీసెను. ఆయనయే ఇవాన్ పెత్రోవిచ్ పావ్లోవ్.

పావ్లోవ్ 1849వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన మాస్కోకు ఆగ్నేయదిశనున్న రియజాన్ పట్టణమున జన్మించెను. తండ్రి ప్యోత్ర్ ద్మిత్రియెవిచ్ అచటి చర్చియందు పురోహితుడు. తల్లి వర్వారా ఇవానోవ్నా. సంసారము పెద్దది, ఆదాయము స్వల్పము. తండ్రికి తోటపనియన్నను, పుస్తకపఠనమన్నను మక్కువ మెండు. ఆ రెండును కుమారునకు సంక్రమించెను. బాల్యమున పావ్లోవ్ ఎత్తునుండి పడి తీవ్రముగా గాయపడుటచే 11 సంవత్సరముల ప్రాయమువఱకు బడికి పోజాలకుండెను. ఆయనకు జ్ఞానపితయైన యొక మఠాధిపతి ఆ బాలుని తనయొద్ద నుంచుకొని, వ్యాయామము నేర్పి, తోటలో పని చేయించి, పుస్తకములు చదివించి ఆరోగ్యవంతునిగా జేసెను.

పురోహితుని కుమారుడు పురోహితుడగుట ఆనాటి వాడుక. పావ్లోవ్ కూడ రియజాన్ లోని మతవిద్యాలయమున జేరెను. అయితే ఆయన బ్రదుకుబాటను మార్చినది ఆ పట్టణమందలి గ్రంథాలయము. 1860వ దశకమున రష్యాయందు నూతనభావములు పొంగి పొరలుచుండెను. యువకులు గ్రంథాలయపు తలుపులు తెఱవకమునుపే వాకిట గుమిగూడి, తెఱచినంతనే ఒకరినొకరు త్రోసికొనుచు లోనికి పోవుచుండిరి. వారిలో పావ్లోవ్ ఒకడు. పీసరెవ్ వ్యాసములును, 1863లో వెలువడిన సేచెనోవ్ రచన మెదడు ప్రతీకారచర్యలును ఆయన మనస్సునకు హత్తుకొనెను. మనస్సుయొక్క వ్యాపారములను గూడ శరీరధర్మశాస్త్ర పద్ధతిని పరిశీలింపవచ్చునన్న బీజము అప్పుడే పడెను. 1870లో ఆయన మతవిద్య విడిచి సెంట్ పీటర్స్ బర్గ్ విశ్వవిద్యాలయమున ప్రకృతిశాస్త్రములు చదువ నారంభించెను.

అచట త్సియోన్ అను ఆచార్యుడు శస్త్రచికిత్సయందు పావ్లోవ్ కు గురువయ్యెను. క్లోమమునకు పోవు నాడులను గూర్చిన పరిశోధనకు విద్యార్థిదశయందే ఆయనకు స్వర్ణపతకము లభించెను. 1875లో పట్టముపొంది, పిదప వైద్యవిద్య నభ్యసించి 1879లో ముగించెను. ప్రఖ్యాతవైద్యుడగు బోత్కిన్ వైద్యాలయమునకు చేరిన చిన్న ప్రయోగశాలలో పనిచేయుచు, హృదయమును నడిపించు నాడులపై సిద్ధాంతవ్యాసము వ్రాసి 1883లో వైద్యశాస్త్రమున డాక్టరు పట్టము పొందెను. 1884 మొదలు రెండు సంవత్సరములు జర్మనీలో హైడెన్ హైన్, లూడ్విగ్ అను మహాశాస్త్రజ్ఞుల చెంత పనిచేసెను.

ఈ కీర్తి వెనుక గొప్ప లేమి దాగియున్నది. 1881లో ఆయన సెరాఫీమా వసీలియెవ్నాను వివాహమాడెను. దంపతులకు సరియైన యిల్లు లేదు, చాలినంత జీతము లేదు. తొలిబిడ్డ పసితనముననే మరణించెను. ఆయన యవస్థ చూచి మిత్రులు సాయము చేయగోరిరి. ఊరక ధనమిచ్చిన పుచ్చుకొనడని యెఱిగి, తమకు హృదయనాడులను గూర్చి ఉపన్యాసము లిమ్మని కోరి, ఆ నెపమున కొంత సొమ్ము పోగుచేసి యిచ్చిరి. ఆ సొమ్ముతో పావ్లోవ్ ఉపన్యాసములలో చూపుటకు జంతువులను కొనెను. ఇంటికి చేరినది శూన్యము. ఆ యిల్లాలి ఓర్పు లేకున్న ఆ శాస్త్రజ్ఞుడు లోకమునకు దక్కియుండడు.

1890లో దశ తిరిగెను. సైనికవైద్యవిద్యాలయమున ఆచార్యపదవి లభించెను. 1891లో సెంట్ పీటర్స్ బర్గ్ ప్రయోగాత్మక వైద్యసంస్థయందు శరీరధర్మశాస్త్రశాఖకు అధిపతియై, మరణపర్యంతము 45 సంవత్సరములు ఆ స్థానమున నుండెను. పిచ్చికుక్కకాటునకు పాశ్చర్ పద్ధతిని టీకాలు వేయుటకు 1886లో నెలకొల్పిన కేంద్రమే ఆ సంస్థకు మూలము.

అంతకుముందు శాస్త్రజ్ఞులు జంతువును కోసి, అది కొనయూపిరితో నుండగా అవయవములను పరిశీలించెడివారు. బాధలోనున్న దేహము సహజముగా పనిచేయదని పావ్లోవ్ గ్రహించెను. మనుష్యులకు చేయునంతటి పరిశుభ్రతతో కుక్కకు శస్త్రచికిత్స చేసి, గాయము మానినపిదప ఆరోగ్యముతో తిరుగు జంతువునందు జీర్ణక్రియను నెలల తరబడి పరీక్షించుట ఆయన పద్ధతి. ఆహారవాహికను కంఠమువద్ద బయటికి తెఱచుటచే కుక్క తిన్న మాంసము జీర్ణాశయమునకు చేరక జాఱిపోవును. అయినను జీర్ణాశయమున రసము ధారగా నూరును. అనగా ఆకలియే, రుచియే నాడులద్వారా జీర్ణాశయమును మేలుకొలుపుచున్నవని తేలెను. ఇట్లు సేకరించిన స్వచ్ఛమైన జీర్ణరసమును అజీర్ణరోగులకు మందుగా విక్రయించి, ఆ సొమ్మును ప్రయోగశాలకు వినియోగించిరి. జీర్ణగ్రంథులను గూర్చిన ఆయన ఉపన్యాసములు 1897లో గ్రంథముగా వెలువడెను. 1904లో నోబెల్ బహుమానము లభించెను. రష్యనులలో ఆ గౌరవము పొందిన మొదటివాడాయనయే.

ఆ విజయమునకు రెండేండ్లుముందు ఒక పరీక్ష యెదురయ్యెను. క్లోమరసము స్రవించుటకు నాడులే కారణమని పావ్లోవ్ బోధించుచుండెను. 1902లో లండనునందు బేలిస్, స్టార్లింగ్ అనువారు నాడులన్నిటిని కోసివేసినను, పేగునుండి పుట్టిన యొక ద్రవ్యము రక్తముద్వారా క్లోమమును చేరి రసము నూరించునని నిరూపించిరి. పావ్లోవ్ తన ప్రయోగశాలయందే ఆ పరీక్షను చేయించి చూచెను. ఫలితము లండనువారు చెప్పినట్లే వచ్చెను. ఆయన మౌనముగా తన గదిలోనికి పోయి, కొంతసేపటికి తిరిగివచ్చి, సత్యము వారిదేనని శిష్యులయెదుట అంగీకరించెను. పండితునకు శాస్త్రముకంటె స్వాభిమానము పెద్దది కారాదని ఈ సంఘటన చాటుచున్నది.

జీర్ణక్రియను పరీక్షించుచుండగనే మఱియొక విషయము బయటపడెను. కుక్కలు ఆహారము నోటబడకమునుపే, పెట్టువాని అడుగుల చప్పుడు వినియే లాలాజలము కార్చుచుండెను. కుక్క తలంచుచున్నది, కోరుచున్నది అని చెప్పి ఊరకుండుట ఆయనకు తృప్తి నీయలేదు. కంటికి కనబడునది, కొలుచుటకు వీలైనది లాలాజలపు బొట్టు. కావున దానినే లెక్కింప నిశ్చయించెను. మెట్రోనోమ్ అను తాళయంత్రమును టక్కుటక్కున మ్రోగించి, వెంటనే ఆహారము పెట్టిరి. ఇట్లు పలుమాఱులు జరిగినపిదప ఆహారము లేకున్నను ఆ మ్రోతకే లాలాజలము స్రవించెను. దీనికే నిబంధిత ప్రతీకారచర్య యని పేరు. మ్రోత వినిపించి ఆహారము పెట్టక పదేపదే మోసగించినచో ఆ యలవాటు క్రమముగా సన్నగిలును. కొంతకాలము విరామమిచ్చిన తిరిగి తలయెత్తును. ఈ విషయమును 1903లో మాడ్రిడ్ నగరమున జరిగిన అంతర్జాతీయ వైద్యసభలో ఆయన ప్రకటించెను. పావ్లోవ్ అనిన గంటయే యని లోకము తలంచుచున్నది గాని, ఆయన ఎక్కువగా వాడినవి తాళయంత్రము, దీపము, స్పర్శ మొదలగునవి.

వెలుపలి చప్పుళ్లు ప్రయోగములను చెఱుపకుండుటకై మందమైన గోడలతో ఒక ప్రత్యేకభవనము నిర్మింపబడెను. దానిని మౌనగోపురమని పిలిచిరి. అచట ఒక కుక్కకు వలయాకారమును చూపినప్పుడు ఆహారము, అండాకారమును చూపినప్పుడు నిరాహారము అలవాటు చేసిరి. అండాకారమును క్రమముగా వలయమునకు దగ్గఱ చేయుచు పోగా, తేడా గుర్తింపలేని స్థితిలో ఆ కుక్క అఱచి, గొట్టములను కొఱికి, నేర్చినదెల్ల మఱచెను. 1924 సెప్టెంబరు 23వ తేదీన నీవా నదికి పెనువఱద వచ్చి కుక్కల గదులలోనికి నీరు జొచ్చెను. ప్రాణభీతితో ఈదిన కుక్కలను సేవకులు కాపాడిరి. పిమ్మట వానిలో కొన్ని తమ యలవాట్లను కోల్పోయెను. తాళలేని సంకటము, భయము మనస్సును ఎట్లు చెదరగొట్టునో ఈ మూగజీవులవలన తెలియవచ్చెను. వాని బాధను పావ్లోవ్ మఱచినవాడు కాడు. 1935లో ఆ సంస్థ ఉద్యానమున కుక్కకు ఒక స్మారకచిహ్నము నెలకొల్పబడెను.

1917 విప్లవానంతరము దేశమున కఱవు విజృంభించెను. తిండిలేక ప్రయోగశాలలోని కుక్కలు చచ్చెను. చలిలో, దీపములు కొఱవడియు పరిశోధకులు పనిచేసిరి. పావ్లోవ్ కూరగాయలు పండించుకొని సంసారము నడపెను. దేశము విడిచిపోవుటకు అనుమతి కోరెను. అట్టివానిని పోగొట్టుకొనరాదని లెనిన్ 1921 జనవరి 24వ తేదీన ప్రత్యేకశాసనము చేసి, ఆయన పరిశోధనకు వలసిన వసతులు కల్పింప నాజ్ఞాపించెను. ఉపకారము పొందినను ఆయన నోరు మూతపడలేదు. పురోహితుల సంతానమని విద్యార్థులను కళాశాలలనుండి వెడలగొట్టగా, తానును పురోహితుని కుమారుడనేయని నిరసించి సైనికవైద్యవిద్యాలయ పదవిని త్యజించెను. 1930వ దశకమున నిర్దోషుల నిర్బంధములను ఖండించుచు పాలకులకు లేఖలు వ్రాసెను. ఆ రోజులలో అది ప్రాణముతో చెలగాటము.

1935 ఆగస్టులో అంతర్జాతీయ శరీరధర్మశాస్త్రజ్ఞుల మహాసభకు ఆయన అధ్యక్షత వహించెను. 1936 ఫిబ్రవరి 27వ తేదీన 86వ యేట న్యుమోనియా వ్యాధిచే లెనిన్ గ్రాడ్ నందు కన్నుమూసెను.

ఆయన నాటిన విత్తు అంతటితో నాగలేదు. 1926లో పారిస్ పాశ్చర్ సంస్థలో మెతాల్నికోవ్, షోరిన్ అనువారు శరీరరక్షణశక్తియు ఇట్టి యలవాటునకు లోబడునేమో యని జంతువులపై పరీక్షించిరి. 1975లో అమెరికాయందు ఏడర్, కోహెన్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలకు తీపినీటితోపాటు రక్షణశక్తిని తగ్గించు మందు నిచ్చిరి. పిదప తీపినీరు మాత్రమే త్రాగించినను ఆ యెలుకల రక్తమున ప్రతిరక్షకములు తగ్గెను. మెదడునకును రోగనిరోధకశక్తికిని సంబంధము గలదని అట్లు ఋజువయ్యెను. అయితే టీకా ఎంతవఱకు పనిచేయునన్నది ముఖ్యముగా వైరసు స్వభావముపైనను, మనిషి వయస్సుపైనను, ఆరోగ్యముపైనను ఆధారపడియుండును. ఫ్లూ వైరసు తఱచు రూపము మార్చుకొనుచుండుటచే దాని టీకాను కూడ ఏటేట సరిచూడవలసి వచ్చుచున్నది.

ఆ ఫ్లూ కథయందును పావ్లోవ్ పనిచేసిన సంస్థకు పాత్ర కలదు. మానవుని ఫ్లూ వైరసును 1933లో లండను శాస్త్రజ్ఞులు ఫెరెట్ అను ముంగిసవంటి జంతువునందు పెంచి గుర్తించిరి. ఆ దశకముననే లెనిన్ గ్రాడ్ నందు స్మోరొదిన్త్సెవ్ బలహీనపఱచిన సజీవవైరసుతో టీకా యత్నములు సాగించెను. 1957నాటి వైరసును కోడిగ్రుడ్లలో చల్లదనమున పెంచి బలహీనపఱచిన తెగ ఆ సంస్థయందు అభివృద్ధి చెందెను. ముక్కులో చల్లు ఆ టీకాపద్ధతి భారతదేశమునకు వచ్చి, 2010లో పూణె సీరం సంస్థ దానిని తయారుచేసెను.

పట్టణ గ్రంథాలయపు వాకిట నిలిచిన పేద పురోహితుని కుమారుడు లోకమునకిచ్చినది యిది. తెలిసినదానిని కొలిచి చూచుట, తప్పని తేలినదానిని విడుచుట, నిజమని తోచినదానికై నిలుచుట, ఈ మూడును ఆయన జీవితపాఠములు. పుస్తకము చేతబట్టిన ప్రతి బాలుని ముందును అట్టి త్రోవ తెఱచియే యున్నది.