చేతుల ఆకలి తెలిసిన డాక్టరు

మాంటిస్సోరి పేరు పెట్టుకున్న బడి మన ఊళ్ళో ఏ పేటకు పోయినా కనబడుతుంది. ఆ మహనీయురాలు మొదట చదువు చెప్పింది మాత్రం ఫీజులు కట్టి చేరిన పిల్లలకు కాదు, బుద్ధి ఎదగలేదని లోకం తోసిపారేసిన పిల్లలకు. సావనీర్‌కు ఎవరైనా గొప్పవారి గురించి వ్రాయమని మిత్రులు అడిగితే నాకు ఆమే తోచింది.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియారవల్లెలో పుట్టింది. పట్టుబట్టి వైద్యంలో చేరింది. మగపిల్లల సరసన శవాలు కోయడం కూడదన్నారు. అందరూ వెళ్ళాక ఒంటరిగా కోసి నేర్చుకుంది. 1896లో రోమ్‌లో డాక్టరు పట్టా పుచ్చుకుంది.

తర్వాత మానసిక వైద్యశాలలో పని. ఆ పనిమీదే పిచ్చాసుపత్రులు తిరిగేది. అప్పట్లో మందబుద్ధి పిల్లలను కూడా అక్కడే పడేసేవారు. ఒకచోట పిల్లలు భోజనాలయ్యాక నేలమీద పాకుతూ రొట్టెముక్కలు ఏరుకుంటున్నారు. ఎంత తిన్నా ఆశ చావదని ఆయా చీదరించుకుంది. మరియా గదంతా పరికించి చూసింది. చేత్తో పట్టుకోవడానికి అక్కడ ఒక్క వస్తువు లేదు! వాళ్ళది ఆకలే, కాని కడుపుది కాదు.

ఇటార్, సెగ్విన్ అనే ఫ్రెంచి వైద్యులు ఇలాంటి పిల్లలకు చదువు చెప్పి వ్రాసిన గ్రంథాలను ఆమె ఇటాలియన్‌లోకి మార్చుకుంటూ స్వహస్తాలతో వ్రాసుకుంది. ఇది మందులకన్నా చదువుకు సంబంధించిన సమస్య అని 1898లో ట్యూరిన్ మహాసభలో వాదించింది. 1900లో రోమ్‌లో ఈ పిల్లల బడికి మరొక డాక్టరుతో కలిసి పెద్ద అయింది. చెక్క అక్షరాలను వాళ్ళ వేళ్ళతో మళ్ళీమళ్ళీ తడిమించేది. కొందరు మామూలు పిల్లలతోపాటు పరీక్ష వ్రాసి పాసయ్యారు.

మా తమ్ముడికి సెరిబ్రల్ పాల్సీ. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటినుంచి ఎల్.బి.నగర్‌కు మెట్రోలో థెరపీకి తీసుకుపోతుంటాను. అక్కడ చేయించేదీ ఇదే: పట్టుకో, వదులు, మళ్ళీ పట్టుకో. దెబ్బతిన్న మెదడు కణాలు తిరిగి రావు. కాని పసితనంలో పదేపదే చేసిన పనికి మిగిలినవి కొత్త సంబంధాలు కలుపుకుంటాయని నేడు శాస్త్రం చెబుతోంది. ఆమె అదంతా తెలియకుండానే చేతిని నమ్మింది. ఆరు నెలల్లో పూర్తిగా నయం చేస్తామనే వాళ్ళను నేను నమ్మను. మావాడు చెంచా పట్టడానికే పద్నాలుగు నెలలు పట్టింది.

ఆమెమీద నాకొక ఫిర్యాదు ఉంది. 1901లోనే ఆ బడి వదిలేసింది. 1907లో రోమ్‌లోని సాన్ లొరెంజో పేటలో పేదపిల్లలకు తెరిచిన బడితో ప్రపంచఖ్యాతి వచ్చింది. 1939లో మద్రాసు అడయారు వచ్చింది. మరుసటి ఏడు ఇటలీ యుద్ధంలోకి దిగేసరికి శత్రుదేశస్థురాలై, 1946 దాకా ఇక్కడే ఉండిపోయి ఎందరో ఉపాధ్యాయులను తయారుచేసింది. 1952 మే 6న హాలండులో, ఎనభై రెండో ఏట, ఆఫ్రికా ప్రయాణం గురించి కొడుకుతో మాట్లాడిన రోజునే కన్నుమూసింది.