మూసీని కొలిచిన మహనీయుడు: మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు

గ్రంథాలయముల ఉత్సవ సంచికలలో కవులను గూర్చియు, దేశనాయకులను గూర్చియు వ్రాయుట మనకు పరిపాటి. ఈ రజతోత్సవ సంచికలో ఒక ఇంజనీరు జీవితమును చదువరుల ముందుంచుటకు కారణము కలదు. హైదరాబాదు నగరమును ముంచిన వరదకు మూలమెక్కడ నున్నదో వెదకుచు వారు నగరముకంటె ముందు పల్లెల చెరువుకట్టలను పరిశీలించిరి. నదిని గూర్చిన వారి లెక్కలలో పల్లెటూరి చెరువునకు ముఖ్యమైన చోటున్నది. కావున ఆ జీవితము పల్లెవారు తప్పక చదువదగినది.

విశ్వేశ్వరయ్యగారి పూర్వుల గ్రామము తెలుగునాటి మోక్షగుండము. ఆ కుటుంబము మైసూరు సంస్థానమునకు వలసపోయి, చిక్కబళ్లాపురము చెంత ముద్దెనహళ్లిలో స్థిరపడినది. తెలుగుగ్రామము వారి ఇంటిపేరుగా నిలిచిపోయినది. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. 1861 సెప్టెంబరు 15వ తేదిన విశ్వేశ్వరయ్యగారు జన్మించిరి. బాల్యమునందే తండ్రి గతించెను. ఇంట ధనము లేదు. బెంగుళూరులో ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పుచు, ఆ వచ్చు కొలదిపాటి సొమ్ముతో తాము చదువుకొని, 1881లో బి.ఏ. పట్టమును పొందిరి. పిమ్మట మైసూరు ప్రభుత్వమువారి విద్యార్థివేతనముతో పూనాలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వపు పనులశాఖలో చేరిరి.

ఆ శాఖలో వారు చేసిన పనులలో పెక్కు నీటికి సంబంధించినవి. సింధులోని సుక్కూరు పట్టణమునకు మంచినీటి ఏర్పాటు చేసిరి. పూనా చెంతనున్న ఖడక్‌వాస్లా జలాశయమునకు 1903లో తాము కల్పించిన స్వయంచాలకపు తలుపుల నమర్చిరి. జలాశయము నిండి నీరు నిర్ణీతమైన మట్టమునకు చేరినంతనే ఆ తలుపులు తమంత తామే తెరచుకొనును. వరద తగ్గగానే తిరిగి మూసికొనును. ఆనకట్ట గోడను పెంచకయే నీటి నిలువ పెరిగినది. వరదవేళ అర్ధరాత్రి కట్టపైకి పరుగెత్తి తలుపులెత్తు మనిషికొరకు ఎదురుచూడవలసిన పనియు తప్పినది. వరదను ఎదిరించుటకంటె దానికి ముందుగనే త్రోవ చూపుట మేలను బుద్ధి వారికి ఆనాటినుండియే కలదని దీనివలన తెలియును. 1908లో వారు గడువునకు ముందే ఉద్యోగమును విడిచి, విదేశములు చూడ బయలుదేరిరి.

ఆ సంవత్సరమే హైదరాబాదునకు మహావిపత్తు వచ్చినది. 1908 సెప్టెంబరు 28వ తేదిన మూసీనది పొంగి నగరముపై పడెను. ఎగువనున్న శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళముల వాన కురిసినట్లు లెక్కలు తెలుపుచున్నవి. నదిలో పారిన నీరు సెకనుకు 4,25,000 ఘనపుటడుగులని పిమ్మట గణింపబడినది. ఒడ్డుననున్న పేటలకు పేటలు కొట్టుకొనిపోయెను. వంతెనలు తెగెను, పాతవంతెన దెబ్బతినియు నిలిచెను. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. అఫ్జల్‌గంజి చింతచెట్టు నెక్కి ప్రాణములు దక్కించుకొన్నవారు నూటయేబదిమంది యని నేటికిని చెప్పుకొందురు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములో నున్నది.

నీరు తీసిన పిమ్మట ప్రజలు నానావిధములుగా తలపోసిరి. గంగమ్మ కోపించినదని కొందరు, కాలము మూడినదని కొందరు అనుకొనిరి. నాటి నిజాము మీర్ మహబూబ్ అలీఖాను స్వయముగా నదియొడ్డుకు పోయి శాంతిపూజ జరిపెనని లోకమున వాడుక. అన్నసత్రములు తెరవబడెను; నిలువనీడ లేనివారికి ఆశ్రయమీయబడెను. ఇదంతయు అవసరమే. కాని మరుసటి సంవత్సరము మరల వాన కురియును గదా, అప్పుడేమి చేయవలెనను ప్రశ్నకు వీనిలో జవాబు లేదు. ఆ జవాబు కొరకే సంస్థాన ప్రభుత్వము ఐరోపాలో తిరుగుచున్న విశ్వేశ్వరయ్యగారికి వర్తమానము పంపెను. వారు తలపెట్టిన పర్యటనను ముగించుకొని, 1909 ఏప్రిలులో హైదరాబాదు చేరిరి.

వచ్చినవారు ముందు గోడల నెత్తింపలేదు, లెక్కలు సేకరించిరి. ఏ తాలూకాలో ఏనాడు ఎన్ని అంగుళముల వాన పడినది, నీరు ఏ ఇంటి గోడను ఎంతయెత్తున తాకినది, నది వాలు ఎంత, వంతెనల క్రింద ఖాళీ ఎంత యను విషయములను ఒక్కొక్కటిగా కూర్చిరి. నగరమునకు ఎగువన మూసీ, ఈసీ నదులకు నీరుచేర్చు ప్రాంతమంతయు కొలిపించిరి. అది 862 చదరపుమైళ్లు. అందు 788 చెరువులు. అనగా ఇంచుమించు చదరపుమైలునకొక చెరువు.

ఈ చెరువులే కథకు కీలకము. తెలంగాణమున చెరువులు గొలుసుకట్టుగా నుండునని మనకు తెలిసినదే. మీది చెరువు అలుగు పారిన నీరు క్రింది చెరువునకు చేరును. కట్టలు గట్టిగా, అలుగులు సరిపడునంత వెడల్పుగా నున్నంతకాలము ప్రతి చెరువును వరదలో కొంత భాగమును తన కడుపున దాచుకొనును. ఒక కట్ట తెగినచో ఆ చెరువు దాచిన నీరంతయు ఒక్కపెట్టున దిగువ చెరువుపై పడును, అదియు తెగును, ఆపై మూడవది. 1908లో జరిగినది ఇదియే. ఆ రెండుదినములలో రెండువందలకు పైబడిన చెరువులు తెగినవి. ఆకాశమునుండి పడిన వానకు తోడు, పల్లెల చెరువులలో నిలిచిన నీరు కూడ గండ్లగుండ నగరముపైకి ఉరికినది. మరమ్మతులేని కట్ట ఆ ఊరికొక్కదానికే గాక, దిగువనున్న మహానగరమునకును ముప్పు తెచ్చునని ఆ లెక్కలవలన తేటపడినది.

1909 అక్టోబరులో వారు తమ నివేదికను సమర్పించిరి. నగరములో నది కిరుప్రక్కల గోడలు కట్టి ఊరకుండిన చాలదనియు, నీటిని నగరమునకు మీదనే ఆపవలెననియు అందలి సారాంశము. మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి జలాశయములు కట్టవలెను. వానిలో వరదకొరకు కొంత చోటు ఎప్పుడును ఖాళీగా నుంచవలెను. నగరమునందు ఒడ్డులను మెఱకచేసి, రహదారులును ఉద్యానములును ఏర్పరుపవలెను. మురుగునీటికి వేరుగా కాలువలు త్రవ్వవలెను. నదియొడ్డున ఉద్యానముండినచో వరదవచ్చిన నాడు మునుగునది పచ్చికయేగాని ఇల్లు కాదు.

ఈ సూచనలు కొంతకు కొంత అమలైనవి. 1912లో నగరాభివృద్ధి సంఘమేర్పడినది. మూసీపై ఉస్మాన్‌సాగరు నిర్మాణము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు నిర్మాణము 1927లోను ముగిసినవి. వీనిని కట్టి పూర్తిచేసిన కీర్తి నిజాము ప్రభుత్వపు ఇంజనీర్లకును, రాళ్లు మోసిన వేలాది కూలీలకును చెందును. విశ్వేశ్వరయ్యగారు నివేదిక సమర్పించిన వెంటనే మైసూరునకు పోయిరి. వారిచ్చినది త్రోవ, నడచినవారు వేరు. వరదనుండి కాపాడుటకై తలపెట్టిన ఆ జలాశయములే నగరమునకు మంచినీటి నొసగినవి. ఇందొక చిక్కున్నది. త్రాగునీటి కొరకు జలాశయమును నిండుగా నుంచవలెననిపించును. వరద కొరకు ఖాళీగా నుంచవలెను. ఈ రెంటికి నడుమ మట్టమును నిర్ణయించి, వానకాలమంతయు మెలకువతో కాచుకొనుట నేటికిని తీరని బాధ్యత.

మైసూరులో వారు 1909నుండి ముఖ్య ఇంజనీరుగను, 1912నుండి 1918వరకు దివానుగను పనిచేసిరి. కావేరిపై కృష్ణరాజసాగరము 1911లో వారి చేతిమీదుగనే ప్రారంభమైనది. పదవి వదలిన పిమ్మటను వారికి విశ్రాంతి లేదు. 1937లో, డెబ్బదియారేండ్ల వయస్సున, గాంధిమహాత్ముని కోరికపై ఒడిస్సా వరదల సమస్యను చేపట్టిరి. అప్పటికి వారికే ప్రభుత్వ పదవియు లేదు. వారొక సామాన్య పౌరులు. మహానది ఎగువన జలాశయములు కట్టి వరదను నిలుపవలెనని వారు సూచించిరి. మూసీ యొడ్డున నేర్చిన పాఠమునే మహానదికి చెప్పిరన్నమాట. 1957లో ఆ నదిపై హీరాకుడ్ ఆనకట్ట ప్రారంభోత్సవము జరిగినది. 1955లో వారికి భారతరత్న బిరుదమీయబడెను. 1962 ఏప్రిలులో, నూరేండ్లు నిండిన పిమ్మట, వారు కన్నుమూసిరి. వారి జన్మదినమును మన దేశమున ఇంజనీర్ల దినముగా జరుపుకొందుము.

ఇక మన పల్లెలనుండి హైదరాబాదునకు పోవు పిల్లలకు బాగుగా తెలిసిన ఒక ప్రాంతమును గూర్చి చెప్పవలెను. ఉద్యోగ పరీక్షలకు చదువుకొనుటకై యువకులు అశోక్‌నగరులో గదులు తీసికొందురు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున ప్రొద్దంతయు కూర్చుందురు. నారాయణగూడ వీథులలో తిరుగుదురు. ఈ పేటలు మూసీకి దూరముగా నున్నవి. అయినను వీనికొక నీటి త్రోవ పొరుగున కలదు. అది హుస్సేన్‌సాగరు మిగులునీటి నాలా. 1562 ప్రాంతమున ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలములో కట్టిన ఆ చెరువు నిండినప్పుడు, మిగులునీరు దోమలగూడ, అశోక్‌నగరు, బాగ్‌లింగంపల్లి, నల్లకుంటలమీదుగా పోయి, అంబర్‌పేట దిక్కున మూసీలో కలియును. నాలా యొడ్డున ఇండ్లు పెరిగినవి; నాలా ఇరుకైనది. 2000 ఆగస్టు 24వ తేదిన నగరమున ఒక్కనాడు 24 సెంటీమీటర్లకు పైగా వాన కురియగా, ఈ నాలా పొంగి అశోక్‌నగరు, దోమలగూడ మున్నగు పేటల పల్లపు వీథులు నీటమునిగినవి. తొంబదిరెండేండ్లనాటి పాఠమును మరచిన ఫలమిది.

అందరును మరచిరనుటయు న్యాయము కాదు. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరులకు పదికిలోమీటర్ల పరిధిలో నున్న 84 గ్రామములందు పరిశ్రమలును భారీకట్టడములును కూడదని 1996లో 111వ సంఖ్యగల ఉత్తర్వు వెలువడినది. ఆ జలాశయముల చెంత ఒక పరిశ్రమను పెట్టబూనినప్పుడు పౌరసంఘమొకటి న్యాయస్థానముల కెక్కి, సుప్రీంకోర్టువరకు పోరాడి, 2000లో గెలిచినది. 2022లో 69వ ఉత్తర్వువలన ఆ పాత నిబంధనలు సడలింపబడినవి. దానిపై వాదములు సాగినవి. ఆ పరిధిలోని రైతుకు తన భూమి ధర పెరుగలేదను బాధ కలదు. దిగువనున్న నగరవాసికి వరదభయము కలదు. ఇరువురి మాటయు వినదగినదే. కాని నీరు మాత్రము వాదము వినదు. అది పల్లమునే వెదకును. 2020 అక్టోబరులో నగరపు దక్షిణ భాగమున పల్లెచెరువు, గుఱ్ఱం చెరువు కట్టలు తెగి ఇండ్లపై పడినప్పుడు 1908నాటి కథయే చిన్నదియై మరల నడచినది.

విశ్వేశ్వరయ్యగారి జీవితమునుండి మనము గ్రహింపదగిన దేమి? వారివంటి విద్య అందరికి నబ్బదు. కాని వారి పద్ధతి అందరికి సాధ్యమే. వారు కోపముతో గాక కొలతతో మాటలాడిరి. ఊరి పెద్దలు అధికారుల యొద్దకు పోయి కట్ట బాగులేదని మొరపెట్టుకొనుట ఒక పద్ధతి. కట్ట పొడవింత, గండి పడబోవుచోటిది, పోయిన వానకాలమున నీరు ఇంతవరకు వచ్చినది, అలుగు ఇన్ని గజములు పూడినది, శిఖము భూమిలో ఇన్ని ఎకరములు ఆక్రమణలో నున్నవి యని వ్రాసి, సంతకములు చేసి ఇచ్చుట మఱియొక పద్ధతి. మొదటిదానికి ఓదార్పు లభించును. రెండవదానికి జవాబు చెప్పక తప్పదు.

ఈ పనికి గ్రంథాలయముకంటె తగిన చోటు లేదు. ఒక వర్షమాపకమును ఆవరణమున నిలిపి, ప్రతి ఉదయము వానలెక్కను ఒక పుస్తకమున వ్రాయవచ్చును. నీరటికాండ్రకును వృద్ధులకును తెలిసిన పాత వరదల గుర్తులను అడిగి నమోదు చేయవచ్చును. పాతికేండ్లు నడచిన గ్రంథాలయము పాతికేండ్ల వానలెక్కను దాచియుండినచో, దాని విలువ ఏ గ్రంథమునకును తీసిపోదు. రాబోవు పాతికేండ్లకైన ఆ పుస్తకమును నేడే తెరువవచ్చును. మన చెరువుకట్ట నిలిచిననాడు మన పైరు నిలుచును. దిగువన ఎక్కడనో అశోక్‌నగరు గదిలో దీపము ముందు చదువుకొనుచున్న మన పిల్లవాని గడపయు తడియక నిలుచును.