చిన్న డిగ్రీతో బయల్దేరిన పెద్ద డాక్టరు: యల్లాప్రగడ సుబ్బారావు



నీట్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి కౌన్సెలింగ్ ముగిసేదాకా పేరెంట్స్ మీటింగుల్లో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఒకటే. ఈ మార్కులకు ఎక్కడ తేలిగ్గా సీటు దొరుకుతుంది? నేను చెప్పేది ఇంగ్లిష్ పాఠమే అయినా ఈ ప్రశ్న నా దాకా కూడా వస్తుంది. అడగడంలో తప్పేమీ లేదు. లాంగ్ టర్మ్‌కు మళ్ళీ ఒక ఏడాది, మళ్ళీ అంత ఫీజు అంటే ఏ ఇంట్లోనైనా భారమే. ఈ నెల మనం చెప్పుకునే మనిషికి కూడా పెద్ద తలుపులు తెరుచుకోలేదు. పక్క తలుపు దొరికింది, దాంట్లోంచే వెళ్ళారు. ఆ పక్క తలుపు ఆయనకు ఏమిచ్చిందో, ఏది దక్కకుండా చేసిందో రెండూ చూద్దాం.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవారు. తండ్రి ఆరోగ్యం బాగాలేక ఉద్యోగం ముందే మానుకున్నారు, ఇల్లు గడవడమే కష్టమైంది. పిల్లవాడికి చదువు మీద ధ్యాస లేదు. కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లో చెప్పకుండా బయల్దేరితే, వెతికి వెనక్కి తీసుకొచ్చారు. మెట్రిక్యులేషన్ మొదటిసారి పోయింది, రెండోసారీ పోయింది. మూడో ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. ఆ చదువు కోసం తల్లి తన నగలు అమ్ముకున్నారు. మార్కుల మెమో మాత్రమే చూసేవాళ్ళకు ఆ రోజున ఈ పిల్లవాడిలో డాక్టరు కనిపించి ఉండడు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదువుతున్నప్పుడు ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్ళింది. సన్యాసం తీసుకుంటానంటే తల్లి ఒప్పుకోలేదు. చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకు స్నేహితులు సాయం చేశారు. తర్వాత ఆయనకు పిల్లనిచ్చిన అనపర్తి కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కూడా ఆదుకున్నారు. 1919లో ఆయన కూతురు శేషగిరితో పెళ్ళయింది.

దేశంలో అది గాంధీగారి పిలుపు మారుమోగుతున్న సమయం. సుబ్బారావు గారు విదేశీ గుడ్డ వదిలేసి, ఆపరేషన్ థియేటరుకు కూడా ఖద్దరు దుస్తులే వేసుకొని వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాతపరీక్షల్లో బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, ఎల్.ఎం.ఎస్. అదే కాలేజీ, అవే క్లాసులు, కానీ ఒక మెట్టు తక్కువ కాగితం. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో చేరాలని ప్రయత్నించారు, కుదరలేదు.

ఇప్పుడు మన పిల్లల సంగతికి వద్దాం. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఉస్మానియా, గాంధీలతో పోలిస్తే ఇలాంటి కొత్త కాలేజీల్లో కటాఫ్ సాధారణంగా దిగువనే ఉంటుంది. గద్వాల సీటు వస్తే కొందరు తల్లిదండ్రులు ముఖం చిన్నబుచ్చుకోవడం చూశాను. అక్కడ చదివినా, హైదరాబాద్‌లో చదివినా డిగ్రీ ఇచ్చేది కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయమే, డిగ్రీ పేరు ఎం.బి.బి.ఎస్. అనే. సుబ్బారావు గారికి జరిగినట్టు కాగితంలో తేడా ఉండదు. తేడా ఉంటే మిగతా విషయాల్లో ఉండాలి. పాఠం చెప్పే ప్రొఫెసర్లు నిండుగా ఉన్నారా, అనుబంధ ఆసుపత్రి ఓపీకి రోజూ ఎంతమంది వస్తున్నారు అన్నవి చూడాలి. కొత్త కాలేజీల్లో అధ్యాపకుల ఖాళీల గురించి పత్రికల్లో వస్తూనే ఉంది. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక పూట వెళ్ళి కళ్ళతో చూసి, అక్కడి సీనియర్లతో మాట్లాడి రావచ్చు. మనకు బస్సు చార్జీ తప్ప పోయేదేమీ లేదు.

మళ్ళీ మద్రాసుకు. ప్రభుత్వ ఉద్యోగం రాని సుబ్బారావు గారు ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ లెక్చరరుగా చేరారు. అల్లోపతి చదివినవాళ్ళు చాలామంది దాన్ని చిన్నచూపు చూసే రోజులవి. ఆయన మాత్రం ఆయుర్వేద మందుల మీద పరిశోధన మొదలుపెట్టారు. దానికి ఇంట్లోనే కారణం ఉంది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరులను కొద్దిరోజుల తేడాతో పోగొట్టుకున్నారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది. అదే జబ్బు తనకూ వచ్చినప్పుడు లక్ష్మీపతి గారి వైద్యంతోనే కోలుకున్నారు. ఎందుకు తగ్గిందో తెలుసుకోవాలన్న పట్టుదల అక్కడినుంచి పోలేదు.

హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూలుకు దరఖాస్తు పెట్టి సీటు సంపాదించారు. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ట్రస్టు సాయం చేస్తానంది, మామగారూ డబ్బు సర్దారు. గర్భవతిగా ఉన్న భార్యను పుట్టింట్లో ఉంచి, 1922 అక్టోబర్ 26న బోస్టన్‌లో దిగారు. అక్కడ ఆయన ఎల్.ఎం.ఎస్. డాక్టరుగా పనిచెయ్యడానికి పనికిరాలేదు. పొట్ట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా చేరారు. మంచాన ఉన్న రోగుల బెడ్‌పాన్లు కడగడం ఆ ఉద్యోగం. పగలు క్లాసులు.

జార్జియా, కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్ అని కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతున్న తల్లిదండ్రులు ఈ చోట కాస్త ఆగాలని నా మనవి. సీటు తేలిగ్గా రావడం వేరు, ఆ డిగ్రీ పనికిరావడం వేరు. జాతీయ మెడికల్ కమిషన్ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం విదేశీ కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, బోధన ఇంగ్లిష్‌లో జరగాలి, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. ఆ డిగ్రీతో ఆ దేశంలోనే, అక్కడి పౌరులతో సమానంగా డాక్టరు లైసెన్సు రావాలి. నీట్ అర్హత ఎలాగూ ఉండాల్సిందే. తిరిగొచ్చాక ఇక్కడ స్క్రీనింగ్ పరీక్ష పాసవ్వాలి, ఇంకో 12 నెలలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. కన్సల్టెన్సీ బ్రోచరులో హాస్టల్లో ఆంధ్రా భోజనం గురించి పెద్దక్షరాల్లో ఉంటుంది. లైసెన్సు సంగతి మనమే అడగాలి, కాగితం మీద అడగాలి.

ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా తర్వాత సుబ్బారావు గారు హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అన్న పేరుతోనే అది ప్రయోగశాలల్లో నిలిచిపోయింది. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. 1929లో ఏటీపీ. మన పిల్లలు బయాలజీలో బట్టీపట్టే ఆ ఏటీపీయే. జర్మనీలో లోమన్ కూడా అదే సమయంలో విడిగా దాన్ని కనుక్కున్నారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. అయినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ప్రొఫెసరు పదవి రాలేదు.

1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళారు. తర్వాత అక్కడ పరిశోధన విభాగానికి డైరెక్టరయ్యారు. విశ్వవిద్యాలయం వదిలి కంపెనీకి వెళ్ళడాన్ని అప్పట్లో చాలామంది ఒక మెట్టు దిగడంగానే చూసేవారు. ఆయన జీవితంలో పెద్ద పనులన్నీ ఆ దిగిన మెట్టు మీదే జరిగాయి. ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. సోదరులను బలితీసుకున్న స్ప్రూ జబ్బుకు అది మందుగా పనిచేసింది. ఇవాళ గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేదీ ఇదే. ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే మందులను కూడా ఆ బృందమే తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న పిల్లల్లో జబ్బును కొంతకాలం వెనక్కి నెట్టగలిగారు. 1948లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సరుకూ కీళ్ళవాతానికీ ఇప్పటికీ రాస్తున్నారు. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను డగ్గర్ కనుక్కున్నది కూడా ఈయన డైరెక్టరుగా ఉన్నప్పుడే.

ఇంకొకటి మన ఇళ్ళదాకా వచ్చింది. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, ఎదురుగా నిలబడి మింగించే బోదకాలు మాత్ర గుర్తుందా? డీఈసీ అంటారు. లెడర్లీలో సుబ్బారావు గారి బృందం నుంచి హెట్రజాన్ అన్న పేరుతో వచ్చిన మందే అది.

ఇంటి విషయం కూడా చెప్పాలి, ఇలాంటి కథల్లో అది తరచుగా మరుగున పడుతుంది. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే జబ్బు చేసి పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. కొద్దికాలంలో వచ్చేస్తాననుకున్న మనిషి మళ్ళీ స్వదేశానికి రాలేదు, శేషగిరమ్మ గారు ఆయన్ను మళ్ళీ చూడలేదు. తల్లిని కూడా ఆయన మళ్ళీ కలవలేదు. ఆసియావాళ్ళకు అమెరికా పౌరసత్వం ఇవ్వని చట్టాలు భారతీయులకు 1946లో సడలినా, ఆయన పౌరసత్వం తీసుకోలేదు.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, ఆయన నిద్రలోనే కన్నుమూశారు. 1995లో, పుట్టి వందేళ్ళయిన సందర్భంగా, మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.