కృపాశరణ మహాస్థవిరులు

1865లో చిట్టగాంగు ప్రాంతపు ఉనైనపురా గ్రామాన, ఒక పేద బరువా కుటుంబంలో కృపాశరణులు జన్మించారు. బాల్యంలోనే తండ్రి గతించినందున చదువు సాగలేదు. చిన్న వయసులోనే శ్రామణేరులై, అనంతరం ఉపసంపద పొంది, కలకత్తా చేరుకొన్నారు.

ఆనాటి కలకత్తాలో బరువా బౌద్ధులనేకులు దొరల ఇండ్లలోను, హోటళ్లలోను వంటవారు. వారి చేతివంటకు నగరమంతటా పేరుండేది. వారి ధర్మమేమిటని అడిగినవారు మాత్రం అరుదు. పనిచేసే చోటనే నిద్రించే ఆ మనుష్యులకు ఉపోసథ దినాన కూడుకొనుటకు తమదంటూ స్థిరమైన తావు లేదు. కృపాశరణులకు లభించిన సంఘం ఇదే. పండితులు లేరు, ధనికులు లేరు.

1892 అక్టోబరు 5న ఆయన వారిని కూర్చి బౌద్ధ ధర్మాంకుర సభను స్థాపించారు. కపాలీతోలాలో ధర్మాంకుర విహారం వెలసినది 1903లో. ఈ పదకొండేండ్ల ఎడమును మేము ముఖ్యమైనదిగా భావిస్తున్నాము. ముందు మనుష్యులు, పిమ్మట గోడలు. శంకుస్థాపన ఫలకాన్ని ముందు నిలిపి, ఉపాసకులను తరువాత వెదకుకొనే అలవాటు మనలో లేకపోలేదు. ఆ తప్పులో మేమును భాగస్వాములమే.

ఉపాసకులు తన వద్దకు రావలెనని ఆయన ఎదురుచూడలేదు. బతుకుతెరువుకై వారు ఎక్కడికి పోయిరో అక్కడికే సభయును వెళ్లినది. లక్నో, సిమ్లా, దిబ్రూగఢ్, రాంచీ, షిల్లాంగ్, డార్జిలింగు పట్టణాలలో శాఖలేర్పడినవి.

తాము విద్వాంసులు కారని ఆయనకు బాగుగా తెలుసు. ఆ లోపమును కప్పిపుచ్చుటకు యత్నింపక, తమకంటె చదువుకొన్నవారిని ముందు నిలిపారు. 1908లో వెలువడిన జగజ్జ్యోతి పత్రికకు సంపాదకులు గుణాలంకార స్థవిరులు, పుణ్ణానంద స్వామి. సర్ ఆశుతోష్ ముఖర్జీతో ఆయనకు గల స్నేహం కలకత్తా విశ్వవిద్యాలయంలో పాళీ విద్యకు తోడ్పడినది. ఆయన ప్రోత్సహించిన యువకులలో వేణీమాధవ బరువా ఒకరు. 1917లో లండన్ విశ్వవిద్యాలయం నుండి డి.లిట్. పట్టం పొందారు. వంటవారి చందాలతో నిలిచిన సభ నీడన ఇంతటి పాండిత్యం పెరిగినదని తలచినప్పుడు మాకు ఆశ్చర్యం కలుగుతుంది. శిష్యుడు తనను మించునేమో అని భయపడే గురువు వద్ద ఇది జరిగేది కాదు.

1926 ఏప్రిల్ 30న ఆయన పరినిర్యాణం చెందారు. విహారమున్న వీధికి నేడు బుద్ధిస్ట్ టెంపుల్ స్ట్రీట్ అని పేరు.