గడప దగ్గరి వైద్యం కోసం..

ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఏరియా ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి, ఆపైన ఉస్మానియా, గాంధీ వంటి పెద్దాసుపత్రులు. మన దేశంలో ప్రభుత్వ వైద్యం ఇలా మెట్లుమెట్లుగా ఉంటుంది. ఈ మెట్ల వరసకు రూపమిచ్చినవారిలో మన కర్నూలులో పుట్టిన వైద్యుడూ ఉన్నారు. ఆయనే డాక్టర్ ఆర్కాట్ లక్ష్మణస్వామి మొదలియార్.

కవలల్లో ఒకరు

1887 అక్టోబరు 14న కర్నూలులో ఓ తమిళ కుటుంబంలో కవలలు పుట్టారు. రామస్వామి న్యాయవాదిగా, రాజనీతిజ్ఞుడిగా పేరు తెచ్చుకున్నారు. లక్ష్మణస్వామి మద్రాసులో వైద్యం చదివి, కాన్పుల వైద్యాన్ని ఎంచుకున్నారు. ఆ రోజుల్లో కాన్పంటే నిజంగానే ఆడవాళ్లకు పునర్జన్మ. ఆయన రాసిన ప్రసూతి వైద్య గ్రంథం తరతరాల విద్యార్థులకు పాఠ్యపుస్తకమైంది. 1939లో ఆయన మద్రాసు వైద్య కళాశాలకు తొలి భారతీయ ప్రిన్సిపల్ అయ్యారు. 1942 నుంచి 27 ఏళ్లపాటు మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశారు.

భోర్ కమిటీలో..

దేశ ప్రజల ఆరోగ్య పరిస్థితిని తేల్చడానికి 1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. అందులో మొదలియార్ సభ్యులు. కమిటీ ముందుకొచ్చిన లెక్కలు గుండెలు పిండేవి. పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో 162 మంది ఏడాది నిండకుండానే కన్నుమూస్తున్నారు. సగటు ఆయుర్దాయం 27 ఏళ్లు. దాదాపు 43 వేల మందికి ఒక్క నర్సు!

చేతిలో డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం దూరం కాకూడదని 1946 నాటి నివేదిక తేల్చిచెప్పింది. ముందుగా 40 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పెట్టాలని సూచించింది. జబ్బుకు చికిత్స, జబ్బు రాకుండా జాగ్రత్త.. రెండూ ఒకేచోట అందాలన్నది దాని ఉద్దేశం. టీకాలు, గర్భిణుల పరీక్షలు, పారిశుద్ధ్యం అన్నీ ఆ కేంద్రం బాధ్యతే. అక్కడ నయం కానివారిని మాత్రమే పై ఆసుపత్రికి పంపాలి.

ఉన్నదాన్ని నిలబెట్టండి

1952 నుంచి ఈ కేంద్రాలు మొదలయ్యాయి. కానీ చాలాచోట్ల సిబ్బంది చాలరు, వసతులు అరకొర. ఒక్కో కేంద్రం మీద అనుకున్నదానికంటే ఎక్కువ జనాభా భారం పడింది. దీన్ని సమీక్షించడానికి 1959లో వేసిన కమిటీకి మొదలియారే అధ్యక్షులు. 1961లో ఇచ్చిన నివేదికలో ఆయన సూటిగా ఒక హెచ్చరిక చేశారు. కొత్త కేంద్రాలు తెరిచేముందు ఉన్నవాటిని బలోపేతం చేయాలి. ఒక్కో కేంద్రం కిందికి 40 వేల మందికి మించి రాకూడదు. వాటికి దన్నుగా జిల్లా ఆసుపత్రుల్లో నిపుణులుండాలి. అదే ఏడాది ఢిల్లీలో జరిగిన ప్రపంచ ఆరోగ్య మహాసభకూ ఆయనే అధ్యక్షత వహించారు. 1963లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1974లో కన్నుమూశారు.

మన ఇంటి దగ్గర..

ఇప్పుడు మైదాన ప్రాంత గ్రామాల్లో 30 వేల మందికి, పట్టణాల్లో 50 వేల మందికి ఒక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రమాణం. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలూ తోడయ్యాయి. పాతబస్తీ అంచున, వలస కుటుంబాలతో కిక్కిరిసిన జల్‌పల్లి లాంటి చోట ఈ తొలి మెట్టు ఎంత బలంగా ఉందన్నదే అసలు ప్రశ్న. అక్కడ డాక్టరు, మందులు ఉంటే బిడ్డ జ్వరానికి తల్లి ఒకరోజు కూలి పోగొట్టుకుని ఉస్మానియాకో నిలోఫర్‌కో పరుగెత్తక్కర్లేదు. లేకపోతే చిన్న జబ్బులన్నీ పెద్దాసుపత్రి వరసలోకే చేరతాయి. నిజంగా ప్రాణాపాయంలో ఉన్నవారికి అక్కడ చోటు దొరకడం కష్టమవుతుంది.

అందుకే మీ ఇంటికి దగ్గర్లోని ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో, ఏ వేళల్లో తెరిచి ఉంటుందో తెలుసుకోండి. టీకాలు, గర్భిణి నమోదు, బీపీ, షుగర్ పరీక్షలకు ముందు అక్కడికే వెళ్లండి. డాక్టరు రాకపోయినా, మందులు లేకపోయినా అధికారుల దృష్టికి తీసుకెళ్లండి. ఛాతీనొప్పి, పక్షవాతం, తీవ్ర రక్తస్రావం వంటి అత్యవసరాల్లో మాత్రం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.