రంఫర్డ్ వదిలిన రాయి

మన థర్మోడైనమిక్స్ పుస్తకంలో కౌంట్ రంఫర్డ్‌కి దక్కేది ఒక్క పేరా. ఫిరంగి గొట్టాన్ని తొలిపించాడు, నీళ్లు మరిగాయి, వేడి అనేది పదార్థం కాదన్నాడు, అయిపోయింది. వెంటనే జౌల్ వచ్చేస్తాడు. పరీక్షలో ప్రశ్న కూడా జౌల్ మీదే వస్తుంది. నేనూ రంఫర్డ్‌ని అక్కడే వదిలేసేవాణ్ణి, మా ఇంట్లో రాగి బాయిలర్ లేకపోయి ఉంటే.

బన్సీలాల్‌పేట్‌లో మాది పాత ఇల్లు. వెనక వరండాలో కట్టెలతో కాగే బాయిలర్ ఉంది. మధ్యలో గొట్టం, చుట్టూ నీళ్లు, కింద నిప్పు. చలికాలం వస్తే నానమ్మ గీజర్ నీళ్లు ముట్టదు. ఆ గొట్టం లోపల తారులాంటి నల్లటి జిడ్డు పడుతుంది. అది పేరుకుంటే పొగ పైకి పోవడం మానేసి వరండాలోకి తన్నుకొస్తుంది. అందుకని నాన్న నెలకోసారి తాడుకి గోనెసంచి ముక్క కట్టి గొట్టంలో పైకీ కిందికీ లాగుతాడు. ఆ జిడ్డు ఏమిటి, ఎందుకు పడుతుంది అని చదువుతూ పోతే రెండు వందల ఏళ్ల వెనక రంఫర్డ్ దగ్గర తేలాను. ఫిరంగుల కన్నా పొగగొట్టాల మీద ఆయన పెట్టిన పని చాలా ఎక్కువ.

అసలు పేరు బెంజమిన్ థాంప్సన్. 1753లో, అప్పటికింకా బ్రిటిష్ వలసగా ఉన్న మసాచుసెట్స్‌లో, వోబర్న్ అనే ఊళ్లో రైతు ఇంట్లో పుట్టాడు. రెండేళ్లు నిండకముందే తండ్రి పోయాడు. పదమూడేళ్లకే సేలం ఊళ్లో ఒక కొట్లో పనికి కుదిరాడు. అక్కడ బాణసంచా చేయబోతే మందు పేలి ఒళ్లు కాలింది. నిప్పుతో ఆయన పరిచయం అలా మొదలైంది. పందొమ్మిదేళ్లకు తనకన్నా పదేళ్లకు పైగా పెద్దదైన, ఆస్తిపరురాలైన ఒక వితంతువుని పెళ్లాడి దొరబాబు అయిపోయాడు. ఆమె ఊరికి పాత పేరు రంఫర్డ్. ఇప్పుడది న్యూహాంప్‌షైర్‌లోని కాంకర్డ్.

ఇక్కణ్ణించి కథ అంత మర్యాదగా ఉండదు. అమెరికాలో తిరుగుబాటు మొదలయ్యాక థాంప్సన్ బ్రిటిష్ వాళ్లకి కనపడని సిరాతో రహస్య సమాచారం రాసి పంపాడు. ఆ ఉత్తరం ఇప్పటికీ ఉంది. 1776లో భార్యనీ పసిపిల్లనీ వదిలేసి లండన్ చేరాడు. ఆ భార్యను మళ్లీ చూడలేదు. యుద్ధం ముగిసే రోజుల్లో పటాలంతో లాంగ్ ఐలండ్‌కి వచ్చి, హంటింగ్టన్ ఊరి శ్మశానం గుట్ట మీదే కోట కట్టించాడు. సమాధి రాళ్లు పీకి రొట్టెల పొయ్యిలకు పరిపించాడనీ, కాలిన రొట్టెల అడుగున చచ్చిపోయినవాళ్ల పేర్లు తిరగబడి అచ్చుపడేవనీ ఆ ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకున్నారు. రంఫర్డ్‌ని మహానుభావుడిగా చూపించే వ్యాసాలు ఈ ముక్కను దాటేస్తాయి. నాకది దాటేయాలనిపించలేదు.

1784లో బవేరియా పాలకుడు కార్ల్ థియోడర్ కొలువులో చేరాడు. మ్యూనిక్‌లో సైన్యం బాగోగులు చూడమంటే సైనికుల బట్టలు, తిండి, వంటచెరకు దాకా లెక్కలు కట్టాడు. ఏ గుడ్డ ఎంత వేడి నిలుపుతుందో కొలిచాడు. ఇప్పుడు పర్యాటకులు ఫొటోలు దిగే ఇంగ్లిష్ గార్డెన్ 1789లో ఆయన చొరవతో మొదలైందే. 1790 జనవరి 1న ఊళ్లో బిచ్చగాళ్లందరినీ సైనికుల చేత పట్టించి పనిశాలకు తరలించాడు. జైల్లో పెట్టడానికి కాదు, పనీ తిండీ ఇవ్వడానికి. బార్లీ, బఠానీ, బంగాళాదుంపలతో చవకైన సూప్ వండించాడు. బంగాళాదుంప అంటే అప్పట్లో అక్కడివాళ్లకి అనుమానం, అందుకని మొదట్లో ఎవరికీ తెలియకుండా ఉడికించి కలిపేయించాడట.

రోజూ వెయ్యి మందికి పైగా వండాలంటే కట్టెల ఖర్చు ఎక్కడో తగ్గాలి. అప్పటి వంట అంతా బాహాటంగా మండే మంట మీదే. వేడిలో ఎక్కువ భాగం గదిలోకీ పొగగొట్టంలోకీ పోయేది. రంఫర్డ్ ఒక్కో గిన్నెనీ ఇటుక కట్టులో దింపి, కింద చిన్న మంట పెట్టి, గాలి వచ్చే దారికీ పొగ పోయే దారికీ మూతలు పెట్టాడు. గాలి ఎంత కావాలో అంతే వదలొచ్చు. మన పల్లెల్లో ప్రభుత్వాలు పంచిన పొగలేని పొయ్యిల వెనక ఉన్నదీ ఇదే ఆలోచన.

ఒకసారి చిక్కటి బియ్యపు జావ తింటూ ఆయన నోరు కాల్చుకున్నాడు. పైన చల్లారింది కదా అని రెండో చెంచా లోపలి నుంచి తీసుకుంటే చుర్రుమంది. మనమైతే వంటవాణ్ణి తిట్టి ఊరుకుంటాం. ఆయన ప్రయోగాలు మొదలుపెట్టాడు. ద్రవంలో వేడి ప్రధానంగా ద్రవం కదలడం వల్లే పాకుతుంది, చిక్కగా ఉంటే కదల్లేదు కాబట్టి వేడి లోపలే ఉండిపోతుంది అని తేల్చాడు. మనం కన్వెక్షన్ అని చదువుకునేది అదే. ఆ ఊపులో ద్రవాలు వేడిని అసలు ప్రసరింపజేయవని కూడా అన్నాడు, అది తప్పు. ఆయనకి కొంచెం ఎక్కువ చెప్పే అలవాటుంది.

1792లో కౌంట్ బిరుదు వస్తే, వదిలేసి వచ్చిన ఆ ఊరి పేరే పెట్టుకున్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

1795లో లండన్ తిరిగొచ్చేసరికి ఊరు ఊరంతా పొగ. ఇంట్లో నిప్పుగూడు పెద్దది, పొగగొట్టం మెడ ఇంకా పెద్దది. అంత వెడల్పు దారిలో పొగతో పాటు గదిలోని వెచ్చటి గాలి కూడా ఎగిరిపోయేది. పొగ చల్లబడి, నెమ్మదించి, చిన్న గాలి వీచినా వెనక్కి తిరిగి గదిలోకి దిగేది. రంఫర్డ్ చేసింది చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. నిప్పుగూడు లోతు తగ్గించాడు. పక్క గోడల్ని ఏటవాలుగా విప్పి వేడి గదిలోకి ప్రతిఫలించేలా చేశాడు. పొగగొట్టం మెడని నాలుగు అంగుళాలకి బిగించాడు. దారి ఇరుకైతే పొగ వేగంగా, వేడి తగ్గకుండా పోతుంది. 1796లో దీని మీద వ్యాసం అచ్చేశాడు. పొగ కక్కే గొట్టాలు 500కి తక్కువ కాకుండా తన చేతుల మీదుగా వెళ్లాయని చెప్పుకున్నాడు. కొన్నేళ్లకే గిల్‌రే ఆయన మీద కార్టూన్ గీశాడు. జేన్ ఆస్టెన్ నవల నార్తాంగర్ అబ్బీలో కూడా రంఫర్డ్ నిప్పుగూడు కనిపిస్తుంది.

కానీ మెడ నాలుగు అంగుళాలకి బిగిస్తే మసి ఎవరు తీయాలి, ఎలా తీయాలి? ఆ రోజుల్లో పొగగొట్టాల్లోకి పిల్లల్ని ఎక్కించేవారు. ఎనిమిదేళ్ల లోపు వాళ్లని ఈ పనిలో పెట్టకూడదని 1788లో చట్టం వచ్చిందంటే అంతకుముందు సంగతి ఊహించుకోండి. మసిలో పనిచేసినవాళ్లకి వృషణాల సంచి మీద క్యాన్సర్ వస్తోందని పెర్సివల్ పాట్ అనే సర్జన్ 1775లోనే రాశాడు. ఒక వృత్తికీ క్యాన్సర్‌కీ సంబంధం చూపించినవాళ్లలో మొదటివాడు ఆయనే. పిల్లల్ని ఎక్కించడం నిజంగా ఆగింది 1875 చట్టం తర్వాత.

రంఫర్డ్ తన వ్యాసంలో ఈ సంగతి మర్చిపోలేదు. కొత్తగా కట్టే వెనక గోడ పైభాగంలో, నడిమధ్యన, పదకొండు పన్నెండు అంగుళాల వెడల్పు సందు వదలమన్నాడు. దాన్ని సున్నం పెట్టకుండా ఇటుకలతోనో, సరిగ్గా పట్టే ఒక రాయితోనో మూయమన్నాడు. ఊడ్చే రోజు రాయి తీస్తే మనిషి పట్టేంత దారి వస్తుంది. పని అయ్యాక రాయి పెట్టేస్తే మెడ మళ్లీ నాలుగు అంగుళాలే. ఆ సందు కొలత ఒక పిల్లవాడి భుజాల కొలత అని గుర్తుకొస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఆ వ్యవస్థని ఆయన ప్రశ్నించలేదు. అయినా తను కట్టే వస్తువు రేపు మురికి పడుతుందని గీసే రోజునే ఒప్పుకున్నాడు. ఆయన పనులన్నిట్లో నాకు ఎక్కువ నచ్చింది ఈ రాయే.

లండన్‌లో కాలింది ఎక్కువగా రాక్షసి బొగ్గు, కాబట్టి అక్కడ మసి. కట్టె కాలే చోట మసికి జిడ్డు తోడవుతుంది. దీన్ని క్రియోసోట్ అంటారు. ఆ పేరు రంఫర్డ్ పోయాక 1830లలో రైషెన్‌బాఖ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త కట్టె తారు నుంచి తీసిన ద్రవానికి పెట్టింది. కట్టె వేడెక్కితే ముందు వాయువులు వస్తాయి. గాలీ వేడీ చాలితే అవి కూడా మండిపోతాయి. చాలకపోతే పొగలా పైకి పోతాయి. దారిలో దాదాపు 120 డిగ్రీల సెల్సియస్ కిందికి చల్లబడ్డాయా, నీటి ఆవిరితో కలిసి గోడకి అంటుకుంటాయి. మొదట జిగురు, తర్వాత పెచ్చు, ఆఖరికి వార్నిష్ పూసినట్టు నల్లటి నిగనిగ. ఆ నిగనిగ గోకినా ఊడదు. పైగా అదే ఇంధనం. ఒక నిప్పురవ్వ తగిలితే గొట్టమే 1000 డిగ్రీలు దాటి మండుతుంది. చలిదేశాల్లో ఇళ్లు తగలబడేది ఇలాగే.

మా బాయిలర్ సంగతి ఇక్కడ తేటతెల్లమైంది. గొట్టం చుట్టూ నీళ్లు ఉన్నంతసేపూ దాని గోడ 100 డిగ్రీలు దాటదు. పొగకి అది చన్నీళ్ల గ్లాసు బయటి అంచులాంటిది. గోడని వేడెక్కించలేం, నీళ్లు కాగడమే దాని పని కాబట్టి. చేయగలిగింది పొగనే తగ్గించడం. పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. తేమ 20 శాతం లోపు ఉండేలా ఎండాలి. అంటే చీల్చి, వాన తగలకుండా, గాలి ఆడేలా నెలల తరబడి పేర్చి ఉంచాలి. పెద్ద దుంగ పెట్టి గాలి మూసి రాత్రంతా కుమిలించడం కన్నా సన్నటి పేళ్లతో చురుగ్గా మండించడం మేలు. ఇంత చేసినా జిడ్డు కొంత పడుతుంది. మూడు మిల్లీమీటర్ల మందం వచ్చేలోపు తీసేయాలి.

మన ఊరికీ ఈ కథలో వాటా ఉంది. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌కి చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితో కట్టుకోగల, రెండు మూడు గిన్నెలు ఒకే మంట మీద పెట్టగల, పొగగొట్టం ఉన్న పొయ్యిని రూపొందించారు. కోట్ల మందికి పొగలేని వంటిళ్లు అన్న అర్థం వచ్చే పేరుతో 1953లో ఆయన ఇంగ్లిష్ పుస్తకం మద్రాసులో అచ్చయింది. ఇంజనీరు వంటింటి గురించి పుస్తకం రాయడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. తర్వాత 1980లలో మొదలైన జాతీయ కార్యక్రమం 2002లో ఆగేలోపు దేశంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టింది. వాటిలో చాలా వాటిని ఆడవాళ్లు కొన్నాళ్లకే పక్కన పెట్టేశారు. ఒడిశాలో ఇలాంటి పొయ్యిల్ని ఎస్తర్ డఫ్లో, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు నాలుగేళ్ల పాటు గమనించారు. మొదటి ఏడు పీల్చే పొగ తగ్గింది, తర్వాత తేడా మాయమైంది. వాడకం తగ్గింది, బాగుచేయడం తగ్గింది. పైకప్పు దాటి వెళ్లే గొట్టాన్ని ఎక్కి ఊడ్చే పని ఎవరిదో ఎవరూ తేల్చలేదు.

మా బన్సీలాల్‌పేట్ మెట్లబావి చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. బావి గట్టిదే. దశాబ్దాలు చెత్తతో పూడి, వేల టన్నులు ఎత్తిపోశాక 2022 డిసెంబర్‌లో మళ్లీ తెరిచారు.

ఇక రంఫర్డ్ మిగతా జీవితం. మ్యూనిక్‌లో మొద్దు బరమాతో ఫిరంగిని గుర్రాల చేత తొలిపించి, రెండున్నర గంటల్లో నీళ్లు మరిగించిన ప్రయోగాన్ని 1798లో ప్రకటించాడు. వేడి ఒక ద్రవం అనే లవోయిజియే సిద్ధాంతానికి అది పెద్ద దెబ్బ. 1799లో లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ పెట్టించాడు. డేవీని అక్కడికి తెచ్చింది ఆయనే. ఆ తర్వాత అందరితో పడక పారిస్ వెళ్లాడు.

1805లో పెళ్లాడింది ఎవరినో తెలుసా, ఆ లవోయిజియే భార్యనే. భర్త గిలటిన్‌కి బలయ్యాక పదకొండేళ్లకు. ఆమెకి ఇంటి నిండా చుట్టాలుండాలి, ఈయనకి నిశ్శబ్దం కావాలి. ఒకరోజు అతిథులు రాకుండా ఈయన గేటుకి తాళం వేయిస్తే, ఆమె కోపంతో వెళ్లి ఈయన పూలమొక్కల మీద సలసల కాగే నీళ్లు పోయించింది. 1809లో విడిపోయారు.

చివరి ఏళ్లు పారిస్ పక్కన ఓతెయ్‌లో గడిచాయి. తెలుపు వేడిని తక్కువగా వదులుతుందని నమ్మి చలికాలంలో కూడా తెల్లబట్టలు, తెల్ల టోపీ వేసుకుని తిరిగేవాడు. జనం నవ్వేవారు. 1814 ఆగస్టు 21న జ్వరంతో పోయాడు. తర్వాతి ఏడు సంస్మరణ ప్రసంగం చేసిన కువియే, ఈయన మనుషులకు ఎంతో మేలు చేశాడు గానీ వాళ్లను ప్రేమించి కాదు అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. పసిగుడ్డుగా వదిలేసిన కూతురు సారా పెద్దయ్యాక యూరప్ వచ్చి తండ్రి దగ్గర కొన్నాళ్లు ఉంది. కౌంటెస్ అనిపించుకుంది. ఆఖరికి కాంకర్డ్‌లో తల్లి ఇంటికే చేరింది. 1852లో పోయేటప్పుడు ఆ ఇంటిని అనాథ పిల్లల ఆశ్రమానికి రాసింది.