లూథరు గారి ఇంట రోగియైన చిన్నది

వాక్యభాగము: మార్కు 5:21–43

మార్టిన్ లూథరు గారిని ఎరుగనివారు మన సంఘములలో అరుదు. 1517వ సంవత్సరమున ఆయన వెల్లడిచేసిన తొంబదియైదు వాదములను గూర్చియు, చక్రవర్తి యెదుట ఆయన చూపిన ధైర్యమును గూర్చియు ఏటేట సంస్కరణ దినమున వినుచున్నాము. 1842లో హయ్యరు అయ్యగారు గుంటూరునకు వచ్చి లూథరను మిషను పని ప్రారంభించినది మొదలు ఆ పేరు తెలుగు క్రైస్తవులకు చిరపరిచితము. అయితే ఈ నెల మేము చెప్పదలచినది, జబ్బుపడిన బిడ్డ పడక యొద్ద కూర్చున్న ఒక తండ్రిని గూర్చి.

లూథరు గారు 1525లో కేథరీనమ్మను వివాహమాడెను. విట్టెన్‌బర్గులోని పాత మఠమే వారి కాపురపు ఇల్లు. దేవుడు వారికి ఆరుగురు బిడ్డలను దయచేసెను. 1527లో ఆ ఊరికి తెగులు వచ్చినప్పుడు అనేకులు పారిపోయిరి గాని, ఆయన తన మందను విడువలేదు. ఆయన ఇల్లే ఆసుపత్రి ఆయెను. కేథరీనమ్మ నిండు గర్భిణియై యుండియు రోగులకు పరిచర్య చేసెను. ఆ కాలమున పుట్టిన ఎలిసబెతు ఎనిమిది నెలలైనను నిండక 1528లో చనిపోయెను. మరుసటి యేట మే నెలలో మగ్దలేన పుట్టెను.

లూథరు గారికి పిల్లల మనస్సు తెలియును. 1530లో ఆయన కోబర్గు కోటలో ఒంటరిగా నుండగా, కేథరీనమ్మ ఏడాది పిల్లయైన మగ్దలేన పటమును పంపెను. ఆయన దానిని తాను భోజనముచేయు చోట గోడకు అంటించుకొనెను. నాలుగేండ్ల పెద్దకుమారుడు హాన్సునకు ఆయన అక్కడనుండియే ఒక జాబు వ్రాసెను. అందులో వేదాంతపు మాటలు లేవు. పిల్లలు పండ్లు ఏరుకొని, పాడి, గంతులువేసి, చిన్న గుఱ్ఱములెక్కి ఆడుకొను ఒక చక్కని తోటను గూర్చి వ్రాసెను. ప్రార్థనచేసి చదువుకొను పిల్లలకు ఆ తోటలో చోటుండునని చెప్పెను. పరలోకమును బిడ్డకు ఆటల భాషలో చెప్పుట ఆయనకు తక్కువతనముగా తోచలేదు. యెరూషలేము వీధులు ఆడుకొను బాలబాలికలతో నిండునని దేవుడు జెకర్యా ద్వారా వాగ్దానము చేయలేదా (8:5)?

1542లో మగ్దలేనకు పదమూడవ యేట కఠినమైన జబ్బు చేసెను. ఆమె తన అన్నను చూడగోరెను. హాన్సు అప్పుడు టోర్గావులో చదువుచుండెను. లూథరు గారు వెంటనే బండిని పంపి, కారణము తెలుపకయే అబ్బాయిని పంపవలసినదని ఉపాధ్యాయునికి వ్రాసెను. అన్నాచెల్లెండ్రు కలిసికొనిరి. తండ్రి ఆమెతో మరణమును గూర్చి దాచక, మెల్లగా మాటలాడెను. పరలోకపు తండ్రి యొద్దకు వెళ్లుటకు ఇష్టమేనాయని అడుగగా, ఆమె దేవుని చిత్తమునకు ఒప్పుకొనెను. సెప్టెంబరు 20వ తేదీన, ఆయన మోకాళ్లూని యేడ్చుచు ప్రార్థించుచుండగా, ఆమె ఆయన చేతులలోనే కన్నుమూసెను. తల్లి అదే గదిలోనుండియు దుఃఖము పట్టలేక పడకకు దూరముగా నుండెను.

పునరుత్థానమును ఇతరులకు బోధించిన ఆ గొప్ప బోధకుడు, కూతురు క్షేమముగా నున్నదని నమ్మియు, దుఃఖము ఆగుటలేదని స్నేహితునికి వ్రాసెను. హాన్సు బడికి తిరిగి వెళ్లి, ఇంటిమీద బెంగతో కుమిలిపోగా, తండ్రి అతనిని ధైర్యము తెచ్చుకొమ్మని కొంత గట్టిగానే హెచ్చరించెను. ఇంటిలో ఒక బిడ్డ జబ్బుపడినప్పుడు తక్కిన పిల్లల మనస్సును ఓదార్చుట ఎంత కష్టమో దీనివలన తెలియుచున్నది.

ప్రియులారా, మన గ్రామములలోను ఇట్టి ఇండ్లున్నవి. ఎవరి పాపమువలన ఇది వచ్చెనని మనము అడుగకూడదు. యోహాను 9:3లో ప్రభువు ఆ ప్రశ్నను త్రోసివేసెను. విశ్వాసముంటే ఏడ్వవద్దని తల్లితో అనకూడదు. లాజరు సమాధి యొద్ద ప్రభువే ఏడ్చెను. ఒక రాత్రి రోగి యొద్ద మనము కూర్చుండి తల్లిని నిద్రపోనిత్తము. గంజి కాచి తీసికొనిపోదము. తక్కిన పిల్లలను మన ఇంట భోజనమునకు పిలుతము. మంచముననున్న బిడ్డకు గుడ్డబొమ్మయో, చింతగింజలయో, ఒక కథయో, ఒక పాటయో తీసికొనిపోదము. రోగమున్నను బిడ్డ బిడ్డయే. ఆట వానికి అన్నమువంటిది.

బాధ తగ్గించు వైద్యమును విశ్వాసలోపమని యెంచవద్దు. నేడు వైద్యులు దానిని పాలియేటివ్ కేర్ అందురు. జబ్బు కుదిరినను కుదరకున్నను నొప్పిని తగ్గించుట, కుటుంబమునకు తోడుండుట దాని పని. 1982లో ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డులో ఒక క్రైస్తవ సన్యాసిని ఇట్టి పిల్లలకొరకు హెలెన్ హౌస్ అను గృహమును తెరచెను. అట్టి గృహము మనకు దగ్గరలో లేకపోయినను, ఇంటి వాకిలి తట్టగల సంఘమున్నది.

యాయీరు ఇంటికి నడిచివెళ్లిన ప్రభువు, చిన్నదాని చెయ్యిపట్టి లేపి, ఆమెకు ఆహారము పెట్టుమని చెప్పుట మరువలేదు. ఆయన వెంట మనమును ఆ గడప దాటుదుము గాక. ఆమేన్.